కుంకుడు గింజ పక్కన ఖాళీ ప్రమిద

ఉల్కల మీద పరిశోధన చేసిన పురుషోత్తానికి రేచీకటి. ఈ మాట వింటే ఎవరైనా నవ్వుతారు. ఆయన భార్య శశికళ కూడా కాపురానికొచ్చిన కొత్తలో నవ్వింది, తర్వాత మానేసింది. పొద్దుగూకితే వాకిట్లో చెప్పుల కోసం కాలితో తడుముకునే మనిషి, ఆకాశంలో రాలే చుక్కల గురించి విదేశీ పత్రికలో ఆరు పేజీల వ్యాసం రాశాడు. దాన్ని ఆధారం చేసుకుని దేశదేశాల పండితులు పదిహేడు వ్యాసాలు రాశారు. ఆయన మాత్రం తన జన్మలో కళ్లారా చూసిన ఉల్కలు నాలుగు. అందులో ఒకటి విమానమేమోనని ఆయనకే అనుమానం.

జనగామ కాలేజీలో ఆయన ఫిజిక్స్ లెక్చరర్. చేరినప్పుడూ లెక్చరరే, పద్దెనిమిదేళ్ల తర్వాతా లెక్చరరే. యూనివర్సిటీలో రీడర్ పోస్టు కోసం మూడుసార్లు ఇంటర్వ్యూకి వెళ్లాడు. మొదటిసారి ఆయన తెలంగాణ మాట తీరు విని కమిటీలో ఒకాయన నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. రెండోసారి ఆ పోస్టు ఆయన దగ్గర చదువుకున్నవాడికే ఇచ్చారు. మూడోసారి అసలు లోపలికే పిలవలేదు, సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి ఇక పొమ్మన్నారు. ఎనభై నాలుగులో నాలుగో పిలుపు వచ్చేనాటికి ఆయనకు నలభై తొమ్మిదేళ్లు. యాభై దాటితే దరఖాస్తు పెట్టే వీల్లేదు. ఇంకా ఆశ ఉందా అంటే ఉంది, మోకాళ్ల నొప్పి ఉన్నట్టుగా ఉంది.

ఈసారి చేతిలో కాస్త బలం ఉంది. హైదరాబాద్‌లో యూనివర్సిటీ లైబ్రరీ అరల్లో ఇటుకల్లాంటి లావు పుస్తకాలుంటాయి. లోకంలో ఎవరి వ్యాసాన్ని ఎవరెవరు తమ వ్యాసాల్లో పేర్కొన్నారో ఏడాదికేడాది వాటిలో అచ్చువేస్తారు. మొదటి రచయిత పేరు కింద, ఆవగింజంత అక్షరాల్లో. పురుషోత్తం ప్రతి దసరా సెలవుల్లో ప్యాసింజర్ ఎక్కి వెళ్లి, భూతద్దం పెట్టి తన పేరు వెతుక్కునేవాడు. ఒక ఏడు ఒకటి దొరికేది, ఒక ఏడు రెండు, ఒక ఏడు ఏమీ లేదు. ఏమీ లేని ఏడు ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అలా పదమూడేళ్లలో పదిహేడు అయ్యాయి.

"మన జిల్లాల గిన్ని సైటేషన్లున్న మనిషి ఇంకొకడు లేడు సార్. ఈసారి ఇయ్యక ఏడికి పోతరు?" అన్నాడు రవీందర్. పురుషోత్తం దగ్గరే చదువుకుని అదే కాలేజీలో చేరిన కుర్ర లెక్చరర్ అతను. ఆ పదిహేడింటినీ టైపు కొట్టించి, దరఖాస్తుకు జతచేసి పంపింది అతనే. పురుషోత్తం కన్నా ఎక్కువ ఉబలాటం అతనికి.

అసలు ఆ వ్యాసం పుట్టింది అరవై తొమ్మిది వేసవిలో. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. పిల్లలు రోడ్ల మీద, పోలీసులు రోడ్ల మీద, లెక్చరర్లు ఇళ్లలో. ఎన్నాళ్లని గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాడు? రాలే చుక్కల లెక్క తీద్దామని పురుషోత్తానికి బుద్ధి పుట్టింది. తనకు కన్ను లేదు కాబట్టి కన్నున్నవాళ్లను వెతుక్కున్నాడు. బచ్చన్నపేటలో తన వడ్ల కుప్ప దగ్గర కావలి పడుకునే కాలేజీ ప్యూను నర్సయ్య ఒకరు. కేసముద్రం మార్కెట్లో రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే అన్న బ్రహ్మానందం అడ్తి దుకాణంలో గింజలూడ్చి, వేసవంతా మిరప బస్తాల పక్కనే పడుకునే అండాలు ఒకరు. కాటారంలో అక్క వనమాల ఇంట్లో పని చేసే గట్టమ్మ ఒకరు. ముగ్గురికీ అక్షరం ముక్క రాదు, గడియారం చూడటం అంతకన్నా రాదు.

అందుకని ఆయన కంచరితో మూడు చిన్న రాగి గిన్నెలు చేయించాడు. అడుగున సూది బెజ్జం. నీళ్ల తొట్టిలో వదిలితే సరిగ్గా పది నిమిషాలకు మునుగుతుంది. వెనకటి రోజుల్లో పెళ్లి ముహూర్తాలకు వాడిన గడియ గిన్నెకు ఇది తమ్ముడన్నమాట. మట్టి ప్రమిదలు వరసగా పేర్చి, ఆయన చెప్పింది ఇంతే. చుక్క రాలితే ప్రమిదలో చింతగింజ వేయాలి. భూమ్మీద నీడ పడేంత పెద్ద చుక్కయితే కుంకుడు గింజ వేయాలి. గిన్నె మునిగితే తీసి మళ్లీ వదిలి, పక్క ప్రమిదకు జరగాలి. పొద్దున్నే ఎవరో ఒక చదువొచ్చినవాళ్లు ప్రమిదల్లో గింజలు చూసి కార్డు ముక్క మీద రాసి పోస్టు చేసేవాళ్లు. నలభై రోజులు అలా నడిచింది.

కార్డులన్నీ పరిచి చూస్తే పురుషోత్తానికి ఒక వింత కనబడింది. కుంకుడు గింజ పడ్డ ప్రమిద పక్కది ఖాళీ. ఒక్కోసారి దాని పక్కది కూడా ఖాళీ. ఒకచోట అయితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. ఒకరినొకరు చూసి ఎరగని ముగ్గురు మనుషులు, మూడు ఊళ్లు, మూడింట్లోనూ అదే. పెద్ద ఉల్క రాలాక ఆకాశం కాసేపు నిశ్శబ్దమవుతుందని ఆయన రాశాడు. దాన్ని చదివి ఒక విదేశీ పండితుడు, పెద్ద ముక్క తన చుట్టూ ఉన్న చిన్న ముక్కల్ని ఊడ్చుకుంటూ వస్తుంది కాబట్టే ఈ ఖాళీ అని లెక్కలు కట్టి సిద్ధాంతం చేశాడు. తక్కిన పదహారు మందీ ఆ ఇద్దరి వెనకా గొర్రెల మందలా నడిచారు. వ్యాసం చివర 'స్థానిక సహాయకులకు కృతజ్ఞతలు' అని ఒక్క ముక్క ఉంది. పేర్లు లేవు.

ఇప్పుడు వచ్చిన ఇంటర్వ్యూ కాగితంలో ఒక మెలిక ఉంది. పరిశీలన జరిగిన మాట నిజమని పరిశీలకుల వాంగ్మూలాలు తేవాలట. పది రోజులు గడువు. నర్సయ్య చనిపోయి రెండేళ్లయింది. మిగిలింది ఇద్దరు. రవీందర్ ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి కాగితం టైపు కొట్టించి ఇచ్చాడు. పురుషోత్తం సిరా దిమ్మ సంచిలో వేసుకుని కేసముద్రం రైలెక్కాడు. కాజీపేటలో బండి మారేసరికే ఒళ్లు పచ్చిపుండయింది.

అండాలుకు అరవై దాటాయి. మార్కెట్లో అదే అడ్తి ముందు, అదే చీపురు. ఆయన్ని చూసి నడుము మీద చెయ్యి ఆనించుకుని లేచింది.

"మంచిగున్నరా సారూ? చిక్కిపోయిండ్రు."

ఆయన నర్సయ్య, గట్టమ్మల సంగతితో సహా విషయమంతా చెప్పి కాగితం చదివి వినిపించాడు. 'మేము నలభై రాత్రులు ఆకాశం నుంచి కన్ను తిప్పకుండా చూసి గింజలు వేసినాము' అన్నచోట అండాలు సిరా దిమ్మ మీదికి చాచిన వేలు వెనక్కి తీసుకుంది.

"గదెట్ల ఏస్త సారూ? కన్ను తిప్పకుంట సూసినమంటె అబద్ధమైతది గద."

"ఏందవ్వా, నిద్రవోయినవా?" అన్నాడు పురుషోత్తం. నలభై రాత్రుల్లో ఓ కునుకు తీస్తే తప్పేముందని ఆయన ఉద్దేశం.

"ఆ యాడాది నిద్రేడ వట్టింది? పెద్ద చుక్క రాలితె ఎవలదో ఉసురు పోయినట్టు గద. కాళ్ల మీద ఇన్ని నీళ్లు సల్లుకొని, కొంగు మొగం మీదికి గుంజుకొని కూసుందును. సచ్చినోళ్లకు గాపాటి మర్యాద ఇయ్యద్దా?"

పురుషోత్తం చేతిలో కాగితం మడిచాడు. "ఎంతసేపు కూసునేదానివి?"

"ఆ గిన్నె గాక ఇంకో గిన్నె మునిగేదాక. ఒక్కోపారి రెండు. మా తమ్ముని కొడుకు వరంగల్ల గోలీ తగిలి పోయినంక రెండు గిన్నెలకు తక్కువ ఎన్నడు కూసోలె. ఎన్ని చుక్కలు రాలినయో ఆ ఎండకాలం. ఎంతమంది తల్లులు ఏడ్సిండ్రో."

"మరి ప్రమిదెలు జరిపినవు గద?"

"జరపకుంటె ఎట్ల? గిన్నె మునిగితె బుడుంగున ఇనవడుతది. సెయ్యి వెట్టి తీద్దును, మల్ల ఏద్దును, పక్క ప్రమిదెకు జరుగుదును. మీరు సెప్పినట్టె సేసిన. కండ్లు మాత్రం తెరవలె."

"నాకెందుకు చెప్పలె అవ్వా?"

అండాలు ఆయన్ని వింతగా చూసింది. "మీరు అడగలె. మీకెర్క లేదని నేనెట్లనుకుంట? మీ ఇంట్ల పనికొచ్చిన రోజులల్ల సూసిన, మీ అమ్మ అనసూయమ్మ గూడ గట్లనే కూసుంటుండె గద."

అవును, కూర్చునేది. మానుకోటలో వాళ్ల ఇంటి పెరట్లో, వేసవి మంచాల మీద. కొంగు ముఖం మీదికి లాక్కుని, రెండో చేత్తో పక్కన పడుకున్న పురుషోత్తం కళ్లు మూసేది. ఆ పిల్లవాడికి చీకట్లో ఎలాగూ ఏమీ కనపడదని ఆమెకు తెలుసు. అయినా మూసేది. చెమ్మగా, పసుపు వాసనతో ఉండే ఆ అరచెయ్యి నలభై ఏళ్ల తర్వాత ఇప్పుడు జ్ఞాపకం వచ్చింది. పెద్దవాడై, చదువుకుని, చుక్క రాలితే మనిషి పోతాడనేది మూఢనమ్మకమని క్లాసులో పిల్లలకు చెప్పి నవ్వించాడు. నమ్మినవాళ్లు ఆ క్షణాన ఏం చేస్తారో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. చదువుకున్న మూర్ఖుడికి ఇంతకన్నా వేరే శిక్ష ఎందుకు.

బ్రహ్మానందం తమ్ముణ్ణి దుకాణం లోపలికి పిలిచి చాయ్ తెప్పించాడు. సంగతంతా విని తేలిగ్గా తీసిపారేశాడు.

"గిదానికి పరేషానెందుకురా? యార్డుల ఇంతమంది ఆడోళ్లున్నరు. ఎవలదో ఒకల ఏలు ఒత్తిచ్చుకపో. ఏలిముద్ర మీద పేరు రాసుంటదా?"

"గట్ల కాదన్నా" అన్నాడు పురుషోత్తం. చాయ్ తాగి లేచాడు.

మరునాడు వరంగల్ నుంచి కాటారం బస్సెక్కాడు. గట్టమ్మ వేరే తీరుగా చేసి ఉండొచ్చని ఒక పీచు ఆశ. పరకాల దాటాక రోడ్డు రోడ్డులా లేదు. భూపాలపల్లిలో ఒక గంటన్నర బస్సు కదల్లేదు. బొగ్గు కోసం తవ్వుతున్నారని, ఊరు ఇక ఊరులా ఉండదని పక్క సీటాయన ఒకటే చెప్పుకుపోతున్నాడు. పురుషోత్తం తల ఊపుతున్నాడే గాని ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఇంటర్వ్యూకి ఇంకా ఆరు రోజులుంది. ఈ ఆరు రోజుల్లో తనకేమైనా అయితే బాగుండునని కూడా ఒకసారి అనిపించింది.

గట్టమ్మ వనమాల ఇంటి వెనక బియ్యం చెరుగుతోంది. ఆయన కాగితం తీయకుండానే అడిగాడు.

"గట్టమ్మా, పెద్ద చుక్క రాలినప్పుడు ఏం చేస్తుంటివి?"

"ఏం జేస్త బాపు? తల మీద ముసుగేసుకొని కూసుంట. కూసోకపోతె ఎట్ల?" అంటూనే ఆమె సంచిలోంచి కనబడుతున్న సిరా దిమ్మను చూసింది. "ఏలెయ్యాల్నా? ఏడ ఎయ్యమంటె గాడ ఏస్త. మీరు సదువుకున్నోళ్లు, నాకు కీడు చేస్తరా?"

సిరా దిమ్మ తీసి వేలు అద్దింది కూడా. కాగితం చాపితే చాలు. నర్సయ్య పోయాడు, అండాలుకు బదులు అన్న ఎవరినో ఒకరిని చూపిస్తాడు, ఈమె తనంతట తానే వేస్తానంటోంది. పద్దెనిమిదేళ్ల బెంచీలు, రుమాలు అడ్డం పెట్టుకున్న నవ్వు, అన్నిటికీ ఒక్క వేలిముద్రతో జవాబు. పురుషోత్తం ఆ నల్లటి వేలు చూసి, సిరా దిమ్మ మూత పెట్టేశాడు.

"వద్దులే గట్టమ్మా. చెయ్యి కడుక్కో" అన్నాడు.

ఇంటర్వ్యూలో కమిటీ ఈసారి మర్యాదగానే మాట్లాడింది. పదిహేడు సైటేషన్ల జాబితా ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారింది. మూడు చోట్లా ఒకే ఫలితం రావడమే ఈ వ్యాసానికి ప్రాణం కదా, దానికి మీ వివరణ ఏమిటని పెద్దాయన అడిగాడు.

"మూడు చోట్ల చావుకిచ్చే మర్యాద ఒక్కటే సార్" అన్నాడు పురుషోత్తం. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వ్యాసం తప్పని, ఖాళీ ఆకాశానిది కాదని, చూసేవాళ్లు కళ్లు మూసుకున్నారని చెప్పాడు.

చివరి కుర్చీలో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "అంటే మీ తెలంగాణలో చుక్కలు కూడా హర్తాళ్ చేస్తాయన్నమాట మాస్టారూ."

ఈసారి ఎవరూ రుమాలు అడ్డం పెట్టుకోలేదు. బయటికొచ్చి మెట్లు దిగుతుంటే ఆయనకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. కాళ్లు మాత్రం పీకుతున్నాయి. ఇంటికొచ్చి చెబితే శశికళ వేణ్ణీళ్లు తోడింది.

ఆ వారమే పత్రికకు దిద్దుబాటు రాయడానికి కూర్చున్నాడు. రాసింది ఒకటిన్నర పేజీ. పైన నాలుగు పేర్లు: అండాలు, గట్టమ్మ, నర్సయ్య, పురుషోత్తం. అండాలు ఇంటిపేరు కోసం కేసముద్రం కబురు పెడితే, 'అండాలంటె ఊరంత ఎర్క, ఇంటిపేరెందుకు' అని జవాబొచ్చింది. టైపు కొట్టించడానికి తీసుకెళ్లిన రవీందర్ మధ్యలోనే తిరిగొచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది.

"ఎవలన్న తమ ఇంటికి తామే అగ్గి పెట్టుకుంటరా సార్? పోస్టు ఎట్లనూ పోయె. ఇది పంపితె పదిహేడు సైటేషన్లు గూడ నవ్వులపాలైతయి."

"పోనియ్యి."

"సరె, పంపుండ్రి. మొదటి పేరు మీదన్న పెట్టుండ్రి. ఆ బుక్కుల మొదటి పేరు కిందనే అచ్చేస్తరు. దీన్ని ఎవలన్న చెప్పుకున్నా అండాలు ఖాతల పడతది. మీకు ఒక్కటి గూడ రాదు."

"మొదలు నిజం చెప్పింది ఆమెనే గద" అన్నాడు పురుషోత్తం.

పత్రికవాళ్లు ఆరు నెలలకు అచ్చువేశారు. ఒకటిన్నర పేజీ అరపేజీ అయింది. పేర్లు నాలుగూ ఉన్నాయి.

తర్వాతి దసరాకు ఆయన పాత అలవాటు చొప్పున లైబ్రరీకి వెళ్లాడు. తన పేరు కింద కొత్తగా మూడున్నాయి. మూడూ పాత వ్యాసాన్నే సత్యమని నమ్మి రాసినవి. దిద్దుబాటును ఎవరూ చూడలేదు. అండాలు పేరు ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. తప్పుకు పదిమంది చుట్టాలు, దిద్దుబాటు అనాథ. ఆ ఏడు ఇంటికొచ్చి వారం రోజులు మాట్లాడలేదు.

ఎనభై ఆరు దసరాకు వెళ్లేందుకు మనసు ఒప్పలేదు. అయినా కాళ్లు తీసుకెళ్లాయి. తన పేరు కింద ఇంకో రెండు. ఈ లెక్కన తను చచ్చాక కూడా తన తప్పు పెరుగుతూనే ఉంటుందని విసుగ్గా పుస్తకం మూశాడు. పోతూ పోతూ 'ఎ' అక్షరం పేర్లుండే మొదటి సంపుటం తీసి, భూతద్దం జరుపుకుంటూ చూశాడు. అండాలు. కింద ఒకే ఒక్క వరస.

ఆ వ్యాసం వెతికి తీయించి నిలబడే చదివాడు. జపానువాళ్లు. కెమెరాలు పెట్టి రెండేళ్లు చూశారట. పెద్ద ఉల్క తర్వాత ఆకాశంలో ఏ నిశ్శబ్దమూ లేదట, చుక్కలు రాలుతూనే ఉంటాయట. అండాలు, ఆమె సహచరులు చెప్పిందే సరైనదని రాశారు. పురుషోత్తం కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పదిహేనేళ్లలో తనకు వచ్చిన ఇరవై రెండూ కలిపినా ఈ ఒక్కదానంత సంతోషం ఇవ్వలేదు. అది నిజం.

జనగామలో దిగకుండా ఆ రైల్లోనే కాజీపేట దాకా వెళ్లి, బండి మారి మరునాడు పొద్దున్నే కేసముద్రం చేరాడు. యార్డులో పత్తి లారీలు అడ్డదిడ్డంగా నిలబడి ఉన్నాయి. అండాలు ఇప్పుడు ఊడ్వలేకపోతోంది. గోనె పట్టా మీద కూర్చుని తాలు మిరపకాయలు ఏరుతోంది. ఆయన పక్కనే బస్తా మీద కూర్చున్నాడు.

"అవ్వా, నీ పేరు పుస్తకంల అచ్చయింది. సముద్రాల అవతల జపానోళ్లు నీ పేరు రాసి, నువ్వు చెప్పిందే నిజమన్నరు."

"నా పేరెందుకు రాసిండ్రు?" అంది అండాలు, చేతులు ఆపకుండానే.

"పెద్ద చుక్క రాలినప్పుడు నువ్వు కండ్లు మూసుకున్నవని నేను రాసిన. అది సదివి రాసిండ్రు."

"నర్సయ్య పేరున్నదా? గట్టమ్మది?"

"ముగ్గురివీ ఉన్నయి."

ఆమె ముఖం విచ్చుకుంది. ఒక తాలుకాయ పక్కకు విసిరి, ఇంకోటి చేతిలోకి తీసుకుని ఆగింది.

"మరి ఎవల కోసం మూసుకున్ననో రాసిండ్రా? ఆ పోరగాండ్ల సంగతి?"

పురుషోత్తం రాశాడు. 'ఆ ఏడాది పోలీసు కాల్పుల్లో చనిపోయిన విద్యార్థుల కోసం' అని ఒక వాక్యం రాశాడు. శాస్త్రానికి సంబంధం లేదని పత్రికవాళ్లు కొట్టేసిన వాటిలో మొదటిది అదే. ప్రూఫులు వచ్చినప్పుడు చూశాడు. వాదించే ఓపిక లేక సంతకం పెట్టి పంపేశాడు.

"లేదవ్వా" అన్నాడు.

అండాలు కోపగించుకోలేదు. కొంగు తల మీదికి లాక్కుని, మళ్లీ మిరపకాయలు ఏరడం మొదలుపెట్టింది.